మూరెడు కిందికి గురి

మొన్న మనవరాలిని జలపాతం చూపించడానికి తీసుకెళ్లాను. వలిసెపూలు పూసే కాలం. రోడ్డు పొడుగునా కార్లు, పసుప్పచ్చ చేలల్లోకి దిగి ఫోటోలు తీసుకునే జనం, బొంగు చికెన్ కాలుస్తున్న పొగ. ఆ వరసలోనే ఒకతను చెక్కకి రంగురంగుల బుడగలు కట్టి, గాలి తుపాకి పెట్టుకుని కూర్చున్నాడు. మనవరాలు ముచ్చటపడితే సరే అన్నాను. కొన్ని పేల్చింది, కొన్ని తప్పాయి. ఆ సంబరంలో "అమ్మమ్మా, ఇటు చూడు!" అని నవ్వుతూ తుపాకి నా వైపు తిప్పింది.

ఉన్నచోటే చతికిలబడ్డాను. ఒళ్లంతా చెమట. దుకాణం అతను పరిగెత్తుకొచ్చి నీళ్లు తాగించాడు. "ఉత్త గాలి తుపాకమ్మా, అందులో గుండు కూడా లేదు" అన్నాడు. మనవరాలు ఏడుపు మొహం పెట్టింది. దాని తల నిమిరి, "ఏం లేదే, ఎండ" అన్నాను. ఎండ ఎక్కడిది? మంచు ఇంకా కొండ దిగనేలేదు.

తుపాకి నోరు మన కళ్లకి ఎదురుగా వచ్చి ఆగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. దాని వెనక ఉన్న మనిషి కనపడడు. నల్లగా, గుండ్రంగా ఆ నోరు ఒక్కటే కనపడుతుంది. నేను పావడా కట్టే వయసులో చూశాను దాన్ని.

అది ఇప్పపూల కాలం. మా ఊరు ఇక్కడికి రెండు కొండల అవతల. ఇప్పుడు అక్కడంతా కాఫీ తోటలు, మిరియాల తీగలు. అప్పట్లో ఊరికి ఎగువన ఇప్పచెట్లే. ఎండలు ముదిరే వేళకి ఆకంతా రాల్చేసి, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పూసేవి. తెల్లారగట్ల పూలు టపటపా రాలేవి. లేత పసుపు రంగులో, ఉబ్బుగా, రసంతో మెత్తగా ఉండేవి. వాటి వాసన తియ్యగా, కాస్త పులిసినట్టుగా ముక్కు పట్టుకుని లాగేది. ఊరంతా అదే వాసన. వాకిళ్లలో చాపల మీద ఎండేవి పూలే, కుండల్లో ఉడికేవీ పూలే. అమ్మ వాటిని పెంకులో దోరగా వేయించి, దంచి, చోడిపిండి, అదే రాగిపిండి, కలిపి ముద్దలు కట్టేది. నేను ముద్దల దాకా ఆగేదాన్ని కాదు. చాప మీది పూలు దొంగతనంగా గుప్పిళ్లకొద్దీ తినేసి, కడుపు పట్టుకుని దొర్లేదాన్ని.

"ఇది మనిసి కాదర్రా, ఎలుగు! ఎలుగు తిన్నట్టు తింతాది" అని తాత నవ్వేవాడు.

ఆ ఏడు మాత్రం తాత ఆ మాట అనలేదు.

ఎలుగుబంటికి ఇప్పపూలంటే ప్రాణం. ఏటా వచ్చేవి. మనుషుల అలికిడి వినగానే గుర్రుమని పక్కకి తప్పుకునేవి. పూలు మాకూ వాటికీ కూడా సరిపోయేవి. ఆ ఏడు వచ్చిన ఒక ఎలుగు మాత్రం తప్పుకోలేదు. మా పక్కింటి అత్త వంగి పూలు ఏరుతుంటే మీదపడింది. అత్త బతికింది కానీ మొహం ఒక పక్కంతా పోయింది. ఆమెని అడవిలోంచి వీపు మీద మోసుకొచ్చినవాడు మా చిన్నాన్న. ఆ రోజు ఆయన చొక్కా అమ్మ ఎన్నిసార్లు ఉతికినా మరక వదల్లేదు. చివరికి పొయ్యిలో పెట్టేసింది.

అత్త మా ఊళ్లో అందరికంటే గట్టిగా నవ్వే మనిషి. ఆ తరవాత గుడ్డ కప్పుకుని గుమ్మంలో కూర్చునేది. నేను నీళ్లకి వెళ్లాలంటే ఆ ఇంటి ముందు నుంచే దారి. పశువుల సాల వెనకనుంచి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. ఒకరోజు పట్టుకుంది.

"ఒలే గుంటా, నన్ను సూసి పారిపోతన్నావేటే?"

గొంతు ఏమీ మారలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. గుడ్డ వెనకనుంచి పాత అత్తే మాట్లాడుతోంది. "నేదత్తా" అని బిందె అక్కడే వదిలేసి పరిగెత్తాను.

అడవికి పోవడం మానేద్దామంటే కుదరదు. ఆ పూలే వానాకాలంలో కడుపు నింపేవి, సంతలో ఉప్పూ గుడ్డా తెచ్చేవి. పెద్దలు సాయంత్రం రచ్చలో కూర్చుని మాట్లాడుకున్నారు. జీలుగు కల్లు ఆనపకాయ బుర్రల్లో తిరిగింది. చివరికి అందరూ మా తాత వైపు చూశారు.

ఊరి మొత్తానికి తుపాకి ఉన్నది తాతకే. నోట్లోంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, సీసం గుండు జారవిడిచి, ఇనపచువ్వతో దట్టించే నాటు తుపాకి. పొయ్యికి దూరంగా, దూలానికి వేలాడేది. నూనె, పాత పొగ, కాలిన మందు కలిసిన వాసన వేసేది. నేను ఎప్పుడూ దాని కింద పడుకునేదాన్ని కాదు. తాత మందు కొలవడానికి బొటనవేలంత వెదురు గొట్టం ముక్క ఒకటి మొలతాడుకి కట్టుకునేవాడు. దాన్నే కొలత అనేవాడు.

తాత కళ్లకి అప్పటికే పొర కమ్మింది. మనిషి నీడలా కనపడేవాడు తప్ప మొహం తెలిసేది కాదు. మా అయ్య ఆ వేసవి రోడ్డు పనికి కిందికి వెళ్లిపోయాడు. ఇంక మిగిలింది చిన్నాన్న. ఆయనేమో కోడిని కోయమంటే మొహం తిప్పుకునే మనిషి. నాకు వెదురుతో బొమ్మ బళ్లు చేసిచ్చి, నాతో సమానంగా తోలేవాడు.

"నా వల్ల కాదయ్యా" అన్నాడు.

"కళ్లున్నాయి గదా నీకు. మిగతాది నాను సెప్తాను" అన్నాడు తాత.

ఊరి చివర ఎర్రమట్టి గట్టు ఉంది. దాని మీద సున్నంతో గుండ్రంగా చుట్టి, ఇప్పచెట్ల తోపులో ఒక చెట్టు నించి ఇంకో చెట్టుకి ఎంత దూరమో అంత దూరంలో చిన్నాన్నని నిలబెట్టాడు తాత. నన్ను పిలిచాడు. గుండు తగిలిన చోట ముల్లుతో ఆకు గుచ్చాలి, సున్నం చుట్టుకి ఎంత పైన, ఎంత కింద పడిందో చేత్తో కొలిచి చెప్పాలి. తాతకి ఆ పూటకి నేనే కళ్లు.

మొదటి మోతకి పారిపోయాను. చెవుల్లో గంటలు మోగాయి. కొండ అవతలినుంచి మోత తిరిగొచ్చేసరికి రెండో తుపాకి ఎవరో కాల్చారనుకుని అమ్మ కొంగులో దూరాను. అమ్మ నన్ను బయటికి లాగి, "ఎల్లే, బేగి ఎల్లు. తాత అడుగుతన్నాడు" అంది.

ఒక కొలత పోస్తే గుండు సున్నం చుట్టులోనే పడింది. తాత తల ఊపాడు. సగం కొలత పోయించాడు. మోత నీరసంగా వచ్చింది. గుండు చుట్టుకి జానెడు కింద, పైపైన గుచ్చుకుంది. వేలితో గెలికితే ఊడొచ్చింది. తరవాత ఒకటిన్నర పోయించాడు. చుట్టుకి జానెడు పైన. గురి మాత్రం ప్రతిసారీ ఆ చుట్టు మీదే. చిన్నాన్న ఒట్టు పెట్టి చెప్పాడు, కదపలేదని.

"మరి పైకెందుకు పోతంది?" అని నేనే అడిగాను.

తాత నా చెయ్యి పట్టుకుని ముంజేతిని తుపాకిలా చాపించాడు. మోచేతి దగ్గర కిందినుంచి ఒక్క పోటు పొడిచాడు. నా చెయ్యి పైకి లేచింది. "మందు ఎక్కువైతే తుపాకి ఇలగ ఎగురుద్ది. అది ఎగిరీసరికి గుండు ఇంకా గొట్టంలోనే ఉంటాది. గొట్టం ఎటు సూత్తే గుండు అటే పోతాది. కొన్ని తుపాకులు కిందికి కొడతాయి. దీని గుణం పైకి."

చివరిగా రెండు కొలతలు పోయమన్నాడు. చిన్నాన్నకి ఆ మాట నచ్చింది. ఆ మోతకి ఊళ్లో కుక్కలన్నీ ఏడ్చాయి. చిన్నాన్న భుజం పట్టుకుని రెండడుగులు వెనక్కి తూలాడు. నేను గట్టు దగ్గరకి వెళ్లి వెతికాను. చుట్టు దగ్గర ఏమీ లేదు. తలెత్తి చూస్తే చాలా పైన ఉంది. నా చేతికి అందక, రాయి ఎక్కి ఆకు గుచ్చాను. మోచేతి నించి వేళ్ల చివర దాకా కొలిచాను.

"మూరెడు పైన, తాతా!"

"ఇన్నావా? దానికి ఒక కొలతే. అంతకన్నా పొయ్యకు" అన్నాడు తాత.

"ఒక కొలతకి ఎలుగు సత్తాదేటి అయ్యా? దాని తోలు ఎంత మందం! పక్కింటి అక్కని సూసినాను గదా నాను..." అని చిన్నాన్న ఆగిపోయాడు.

"సత్తాది. ముందు గుండు దానికి తగలాల గదరా."

ఆ సాయంత్రం నేను గట్టు దగ్గరకి మళ్లీ వెళ్లాను. ఆకులు వాడి వేలాడుతున్నాయి. కింద ఒకటి, నడిమిన ఒకటి, పైన ఒకటి, అన్నిటికంటే ఎత్తున ఎక్కడో ఒకటి. ఒకే తుపాకి, ఒకే గురి. అయినా గుండు ఇన్ని చోట్లకి వెళ్లిందంటే నాకు లోపల ఏదో అయ్యింది. పెద్దవాళ్లు ఏదైనా గట్టిగా పట్టుకుని సరిగ్గా చూస్తే అది సరిగ్గానే జరుగుతుందని అప్పటిదాకా నా నమ్మకం.

తరవాత రోజూ తెల్లారేసరికి అందరం కలిసి తోపుకి వెళ్లేవాళ్లం. డబ్బాలు కొట్టుకుంటూ, అవసరం లేకపోయినా గట్టిగా మాట్లాడుకుంటూ. తాత ఒక రాయి మీద కూర్చునేవాడు. పక్కన తుపాకితో చిన్నాన్న. ఆ తెల్లవారు మంచులో ప్రతి మోడూ నాకు ఎలుగులాగే కనపడేది. కాసేపు చూస్తే కదిలేది కూడా. పూలు ఏరుతూ చేతులు కింద, కళ్లు పైన. నాకెంతో ఇష్టమైన ఆ తియ్యటి వాసన వస్తే పొదల వైపు తిరిగి చూసేదాన్ని. ఎందుకంటే అదే వాసన దానికీ తగులుతోంది.

ఎలుగు రాలేదు. రోజులు గడిచేకొద్దీ డబ్బాల మోత తగ్గింది. జనం నవ్వడం మొదలుపెట్టారు. చిన్నాన్న మాత్రం చిక్కిపోతున్నాడు. అన్నం ముందు కూర్చుని అడవి వైపు చూసేవాడు.

ఆ పొద్దున మంచు దట్టంగా ఉంది. నేను అమ్మకి కాస్త ఎడంగా, పెద్ద ఇప్పచెట్టు మొదట్లో ఏరుతున్నాను. అక్కడ పూలు చాప పరిచినట్టు పడ్డాయి. బుట్ట నిండుతోందన్న ఆశలో తల ఎత్తడం మరిచిపోయాను. ఎవరో ముక్కుతో గట్టిగా పీలుస్తున్న చప్పుడు. మొదట మా కుక్క అనుకున్నాను.

తలెత్తితే ఎలుగు పొదలోంచి బయటికి వచ్చేసి ఉంది. నల్లటి జూలు మీద మంచు బిందువులు. గుండె మీద తెల్లటి చార. నేను వెనక్కి జరిగాను. వీపుకి చెట్టు తగిలింది. కాళ్లు జారి చెట్టు మొదట్లో కూర్చుండిపోయాను. బుట్ట దొర్లింది. ఆ దొర్లిన చప్పుడుకే కాబోలు, అది గుర్రుమని వెనక్కాళ్ల మీద లేచి నిలబడింది. దాని గోళ్లు నా మొహం ముందు వేలాడుతున్నాయి. పొడుగ్గా, తెల్లగా. దాని నోట్లోంచి ఇప్పపూల వాసన వచ్చింది. నేను పొద్దున తిన్న ముద్ద వాసనే.

అమ్మ అరిచింది. తరవాత పరిగెత్తే అడుగులు, పెనుగులాట. తాత అమ్మని ఒడిసిపట్టుకున్నాడని తరవాత తెలిసింది. అప్పుడు నాకు వినపడింది మాటలే.

"నిలబడిందా?" తాత గొంతు.

"నిలబడింది. గుంట దాని కాళ్ల కాడ ఉన్నాది."

"గుండె మీద సూడు." అని, వెంటనే తాతే, "ఆగు. ఎంత పోసినావు?"

తాత మళ్లీ అడిగాడు.

"ఎంత పోసినావురా?"

"రెండు."

ఎలుగు తల ఒకసారి వాళ్ల వైపు తిప్పి, మళ్లీ నా వైపు తిప్పింది. ఇప్పుడు మందు తీసి మళ్లీ పోసే వ్యవధి లేదు.

"అలగైతే మూరెడు కిందికి సూడు" అన్నాడు తాత.

"కింద గుంట మొకం ఉన్నాది అయ్యా!"

"తెలుసు. గుంట నుదురు మీదే పెట్టు."

"నా పిల్ల!" అని అమ్మ వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎలుగుని చూసి వేసిన కేక అలా లేదు. ఇది వేరే.

తుపాకి నోరు ఎలుగు గుండె మీదనుంచి మెల్లగా కిందికి దిగింది. దిగి దిగి నా కళ్ల మధ్యకి వచ్చి ఆగింది. నాకు గట్టు మీద ఆకులన్నీ కనపడ్డాయి. రెండు కొలతల ఆకు గుచ్చింది నేనే. మూర కొలిచి చెప్పింది నేనే. ఆ కొలత తప్పయితే? ఆ రోజు రాయి ఎక్కి కొలిచినప్పుడు నా చెయ్యి వంగి ఉంటే? చిన్నాన్న నా మీద జాలితో నోరు కాస్త పైకి ఎత్తితే గుండు ఎలుగు నెత్తి మీదుగా పోతుంది. మందు తక్కువ పడి ఉంటే నన్నే కొడుతుంది. ఇవన్నీ ఇప్పుడు నేను విడమర్చి చెబుతున్నాను కానీ అప్పుడు మాటల్లో రాలేదు. ఒక్క ముద్దగా భయం వచ్చింది. పావడా తడిసిపోయింది. కదలకూడదని మాత్రం తెలిసింది.

"కదలకే గుంటా" అన్నాడు తాత, చాలా మెల్లగా, నిద్రపుచ్చుతున్నట్టు.

మెరుపు మెరిసింది. మోత నాకు వినపడలేదు. వేడిగాలి నా నెత్తి వెంట్రుకలని వెనక్కి తోసింది. పొగలో ఏదో పెద్ద బరువు నా కాళ్ల మీద పడింది. వెచ్చటి తడి నా మెడ మీదనుంచి కారింది. అది నా నెత్తురే అనుకున్నాను. చచ్చిపోవడం అంటే ఇంత వెచ్చగా ఉంటుందా అనుకున్నాను.

పొగలో తాత గొంతు. "గుంట ఉందా? ఎవులైనా సెప్పండర్రా! గుంట బతికుందా?"

ఆ మాట వింటే అప్పుడు అర్థమయింది, తాతకి ఏమీ కనపడలేదని. మూరెడు కిందికి అన్న మనిషి ఎలుగునీ చూడలేదు, నన్నూ చూడలేదు.

అమ్మ వచ్చి నన్ను ఎలుగు కిందనుంచి లాగింది. మొహమంతా తడిమింది. ఎక్కడా గాయం లేదని తెలిశాక చెంప మీద ఫెడీమని కొట్టి, గట్టిగా వాటేసుకుని ఏడ్చింది. గుండు ఎలుగు గొంతు కింద తగిలింది. చిన్నాన్న వెల్లకిలా పడి ఉన్నాడు. చెంప మీద మందు నల్లగా అంటుకుంది. ఒక చెవి ఆ రోజుతో పోయింది. ఎవరో లేపి కూర్చోబెడితే వాంతి చేసుకున్నాడు.

తాత దారి తడుముకుంటూ ఎలుగు దగ్గరికి వచ్చాడు. దాని తల మీద చెయ్యి వేసి, వెంట తెచ్చుకున్న ఆనపకాయ బుర్రలోని కల్లు నేల మీద ఒంపి, "తప్పు కాయి. పిల్ల కోసం" అన్నాడు. లేచేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు.

ఊరు పండగ చేసుకుంది. పక్కింటి అత్త గుడ్డ తీసేసి వచ్చి ఎలుగుని చాలాసేపు చూసి వెళ్లిపోయింది. నాకు జ్వరం పట్టుకుంది. ఊరి పూజారి దిసారి వచ్చి మంత్రించి దారం కట్టాడు. అమ్మ చారెడు ఇప్పపూలు వేయించి పెడితే వాసనకే కక్కేశాను. ఆ కాలమంతా ఇంక పూలు ఏరలేదు, తినలేదు.

చిన్నాన్న నాతో బొమ్మ బళ్లు తోలడం మానేశాడు. నేను అరుగు మీద కూర్చుంటే ఆయన లేచి వెళ్లేవాడు. నేను చేసిన తప్పేమిటో తెలియక ఏడ్చేదాన్ని. "నీ మీద కోపం కాదే, నిన్ను సూత్తే ఆడికి అది గుర్తొత్తాది" అనేది అమ్మ. చిన్నాన్న తుపాకి మళ్లీ ముట్టలేదు. తాత పోయాక, నాటు తుపాకులు అప్పగించమని పోలీసులు చాటింపు వేయిస్తే మా అయ్య పట్టుకెళ్లి ఇచ్చేశాడు. దాని చోటు ఖాళీ అయినందుకు మా ఇంట్లో ఎవరూ బాధపడలేదు.

నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. చిన్నాన్న మంచాన పడ్డాడని కబురొస్తే వెళ్లాను. మధ్యాహ్నం వేళ. చోడి అంబలి పట్టుకెళ్లి, వినపడే చెవి వైపు కూర్చుని, కొంచెం కొంచెం తాగించాను. తాగుతూ తాగుతూ ఆపి నా నుదురు వైపు చూశాడు.

"ఆ పొద్దు నువ్వు కళ్లు మూసుకున్నావేటే?" అన్నాడు.

ఏ పొద్దని అడగలేదు నేను. "నేదు సిన్నాన్నా. తెరిసే ఉన్నాను. తుపాకి నోరే సూత్తన్నాను."

ఆయన చూపు నా నుదురు మీదనుంచి దించుకున్నాడు.

"నాను మూసుకున్నాను" అన్నాడు. "అయ్య సెప్పినట్టే నీ నుదురు మీద పెట్టినాను. పెట్టినాక ఇంక సూడనేకపోయినాను. మూసుకుని నొక్కీసినాను."

గిన్నె నా చేతిలో ఒరిగి అంబలి పక్క మీద ఒలికింది. ఆయన నా చీర కొంగు పట్టుకుని, చిన్నపిల్లాడిలా వదల్లేదు. నేను కూడా లేవలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నుదుటి మీద నా చెయ్యి దానంతట అదే పోతూ ఉంటుంది. ఆ పొద్దు తలుచుకుంటే ఎలుగు గోళ్లు ఇప్పుడు అంత స్పష్టంగా గుర్తుకు రావు. మంచులో, నల్లటి నోటి వెనక, కళ్లు గట్టిగా మూసుకున్న మా చిన్నాన్న మొహం కనపడుతుంది. ఆ రోజు నేను చూడని మొహం.